కొబ్బరినూనె కట్టు

సుబ్రహ్మణ్యేశ్వరరావుకి చెడ్డ అలవాట్లు లేవు. చుట్ట కాల్చడు, పేకాడడు, కూరలో ఉప్పు తగ్గితే మారుమాట్లాడకుండా వేసుకుని తింటాడు. ఆయన మీద ఆయన భార్య మాధవీలతకి ఉన్న ఫిర్యాదల్లా ఒక్కటే. పెళ్ళయినప్పటినుంచి ఈ రోజువరకూ ఆయన ఒక్క తప్పూ చెయ్యలేదు. రైలు దాటిపోతే అది ముందే వచ్చేసినట్టు. పాలు పొంగిపోతే గిన్నె చిన్నది కొన్నట్టు. ఎవరి పెళ్ళికో మర్నాడు వెళ్ళి ఖాళీ పందిట్లో నిలబడితే, వాళ్ళు శుభలేఖ మీద తేదీ కనపడేలా వేయించనట్టు. తప్పులన్నీ ఇలా ఊళ్ళో మిగతావాళ్ళే పంచేసుకుంటే పాపం ఆయన చెయ్యడానికి ఒక్కటీ మిగల్లేదు.

పేరు బారెడు కాబట్టి ఊళ్ళో అందరూ ఆయన్ని ఈశ్వరరావు అంటారు. కొబ్బరి వ్యాపారం. రాజోలుకి అవతల, కాలువ గట్టు మీదున్న వాళ్ళ ఇంటి పెరట్లో ఎప్పుడు చూసినా కాయలు రాశి పోసి ఉంటాయి. కాయని కుడిచేత్తో పట్టుకుని చెవి దగ్గర పెట్టుకుని, వేలితో ఒక్క దెబ్బ కొట్టి, లోపల నీళ్ళెంతో కండెంతో చెప్పేస్తాడు. లోకంలో కొబ్బరి చెయ్యలేని పని లేదని ఆయన నమ్మకం. దద్దుర్లకీ, తలనొప్పికీ, కిర్రుమనే తలుపు బందులకీ, బిగుసుకున్న తాళానికీ ఆయన రాసేది కొబ్బరినూనే.

ఒక్కతే కూతురు, నాయనమ్మ పేరు పెట్టుకున్న వీరవేణి. విశాఖపట్నంలో స్టూడియో ఆర్టు, ఆంత్రోపాలజీ చదువుతోంది. సగం రోజు మట్టితో, ప్లాస్టరుతో బొమ్మలు చేస్తుంది. మిగతా సగం రోజు మనుషులు ఎందుకిలా ఉంటారా అని చదువుతుంది. ఈ రెండో సగానికి ఇంట్లోనే బోలెడు సరుకుందని మాధవీలత అభిప్రాయం.

అయితే ఈ చదువు సంగతి ఆ ఇంట్లో ముగ్గురికే తెలుసు. కాలేజీలో చేరిన కొత్తల్లో ఈశ్వరరావు బావగారు, అంటే అక్క రమణమ్మ మొగుడు అంజిబాబు, "పిల్లది ఏం కోర్సు బావా?" అని అడిగాడు. అంజిబాబు కొడుకు హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగి. ఆయన ముందు మట్టి అనే మాట నోటికి రాక ఈశ్వరరావు "డేటా సైన్సండి" అనేశాడు. అప్పట్నుంచి ఊరంతా అదే.

"అందులో అబద్ధమేముందే? డేటా అంటే మనుషుల వివరాలేగా. ఇది చదివేదీ మనుషుల గురించేగా" అని భార్య దగ్గర సర్దుకున్నాడు. కూతురి దగ్గర మాత్రం ఒక షరతు పెట్టాడు. "ఒక్క పేపరు పోయినా పెట్టె సర్దుకుని వచ్చెయ్యాలి. అమలాపురంలో కంప్యూటర్ కోర్సులో చేర్పించేస్తాను."

ఆ శనివారం పొద్దున్న మాధవీలత వాడపల్లి బయల్దేరుతోంది. ఏడు శనివారాలు స్వామి దర్శనానికి వస్తానని మొక్కుకుంది. ఆరు అయ్యాయి, ఇది చివరిది. మధ్యలో ఒక్క వారం తప్పినా మళ్ళీ మొదటికే. ఏం కోరుకుందో మాత్రం ఎవరడిగినా చెప్పలేదు. వ్యాపారం గురించని భర్త, పిల్ల పెళ్ళి గురించని ఆడపడుచు, మోకాళ్ళ నొప్పుల గురించని పక్కింటి కాంతమ్మ టీచరుగారు, ఎవరికి తోచింది వాళ్ళు అనుకున్నారు.

ఆమె జడ వేసుకుంటుండగా వీధరుగు మీద తండ్రీకూతుళ్ళ మాటలు వినపడ్డాయి.

"నాన్నా, నీ కుడిచెయ్యి ఒక గంట ఇస్తావా?"

"ఎక్కడికి పట్టుకుపోతావే?"

"అచ్చు తీసుకుంటాను. కాయ పట్టుకుని వేలితో కొట్టబోతావు చూడు, ఆ వాటం. మంగళవారం అది ఇచ్చుకోవాలి. మార్కులన్నీ దానిమీదే."

"నా చేతిమీదా?" ఈశ్వరరావు కాస్త నిటారుగా కూర్చున్నాడు. "అయితే విశాఖపట్నంలో పెడతారా నా చెయ్యి? అద్దాల బీరువాలోనా?"

"అదంతా తర్వాత. ముందు వేజలీను దట్టంగా రాయాలి, లేపోతే వెంట్రుకలు పట్టేస్తాయి. అయ్యో, డబ్బా హాస్టల్లో మర్చిపోయేను. రాజోలు వెళ్ళి తెచ్చేస్తాను, అరగంట."

"వేజలీనా?" ఈశ్వరరావు గొంతు అరుగు దాటి వీధిలోకి వెళ్ళింది. "కోనసీమలో కూచుని? పెరడు నిండా కాయలు పెట్టుకుని? ఎవరైనా వింటే నవ్వుతారే!"

"నూనె పల్చన నాన్నా. ఒంట్లోకి ఇంకిపోద్ది."

"ఎవరి నూనె ఇంకిపోద్ది? మన గానుగ నూనె రాసి చూడు, పాదరసంలా జారిపోద్ది. లతా! ఆ సీసా ఇలా పట్రా."

"పిల్ల చెప్పింది వినొచ్చు కదండీ" అంది మాధవీలత, సీసా తెచ్చిస్తూనే.

"నువ్వు బస్సు సంగతి చూసుకో."

వేణి ప్లాస్టరు అంటిన గుడ్డ పట్టీలు నీళ్ళలో ముంచి, వేళ్ళ చివర్లనుంచి మోచేతిదాకా పొర మీద పొర చుట్టింది. చుట్టేముందే కాయ పట్టించి, వేళ్ళు ఆ వాటంలో కుదిరాక కాయ తీసేసింది. కాసేపటికి ఈశ్వరరావు "ఇది వేడెక్కుతోందేంటే!" అన్నాడు. "వేడెక్కితేనే గట్టిపడుతున్నట్టు" అంది వేణి. గట్టిపడ్డాక బ్లేడుతో రెండు పక్కలా కోసింది. ఇక అది కొబ్బరికాయలా రెండు చిప్పలుగా విడిపోవాలి. వేణి పైచిప్ప పట్టుకుని ఎత్తింది.

ఈశ్వరరావు కేకకి పెరట్లో చెట్ల మీది కాకులన్నీ ఒక్కసారి లేచాయి. గేటు దాటిన మాధవీలత చెప్పులతోనే వెనక్కి పరిగెత్తుకొచ్చింది.

ఆయన చేతి మీది వెంట్రుకలు దట్టం. నూనె ఇంకిపోయింది. వెంట్రుకలన్నీ ప్లాస్టర్లో కూరుకుని ఉన్నాయి.

"ఒక్కసారి గట్టిగా లాగేస్తే ఒక్క క్షణం నాన్నా."

"లాగేవంటే నా మీదొట్టే!"

"పోనీ వేడినీళ్ళలో పెడితే ఊడొచ్చేస్తుంది. కానీ అచ్చు నానిపోద్ది. మళ్ళీ చేద్దామంటే పట్టీలన్నీ అయిపోయేయి. వైజాగులో తప్ప దొరకవు."

"అయితే ఎవరూ ముట్టుకోకండి. నూనెకి టైమివ్వాలి. సాయంత్రానికి అదే జారుద్ది."

చేసేదిలేక వేణి పాత చీర అంచు చింపి రెండు చిప్పలూ కలిపి కట్టింది. మాధవీలత కండువా తెచ్చి చేతిని మెడకి వేలాడేసింది. ముడి వేస్తుండగానే గట్టు మీద వాడపల్లి వైపు వెళ్ళే బస్సు హారన్ కొట్టి, ఎవరూ ఎక్కకపోయేసరికి వెళ్ళిపోయింది. మాధవీలత దాని వెనక లేచిన దుమ్ముని అది అణిగేదాకా చూసింది.

దుమ్ములోంచి అంజిబాబు కారు వచ్చింది.

"ఆయ్, బావా! చెట్ల మీది కాయల దింపు ఎప్పుడు తీయిస్తున్నావ్..." అంటూ దిగిన మనిషి, మెడలో వేలాడుతున్న తెల్లటి చేతిని చూసి అక్కడే ఆగిపోయాడు. "ఇదేంటి బావా! సిమెంటు కట్టు! చెయ్యి విరిగిందా?"

ఈశ్వరరావు భార్య వైపు చూశాడు. ఆమె పైకప్పు చూస్తోంది. కూతురి వైపు చూశాడు. ఆమె ఆయన్నే చూస్తోంది, ఇప్పుడు చెప్పెయ్ అన్నట్టు. అదేం చదువమ్మా అని బావగారు అడిగితే ఏమని చెప్పడం?

"పడ్డానండి బావగారూ."

"ఎక్కడ?"

ఈశ్వరరావు ఎక్కువ వెతుక్కోనక్కర్లేకపోయింది. ఇంటికెదురుగానే ఉంది. "అదిగోనండి, గట్టు మీద గోతిలో."

అంజిబాబు మొహం దీపం పెట్టినట్టు వెలిగింది. ఆయన కొత్త కారు అడుగు ఆ గోతికి రెండుసార్లు తగిలింది. ఆ గొయ్యి పూడ్చమని ఆయన తిరగని ఆఫీసు లేదు.

"నే చెప్పలేదా బావా! ఇన్నాళ్ళు అర్జీలు పెడితే అర్జీలు తినేసేరు. అర్జీ కాదు, మనిషి పడాలి! పెద్ద పని చేసేవు నువ్వు." పరీక్ష పాసైన వాడికి చెప్పినట్టు భుజం తట్టి, జేబులోంచి ఫోను తీశాడు. "నువ్వు కదలకు. మిగతాది నాకొదిలెయ్."

ఆయన వదల్లేదు.

ముందు రమణమ్మ వచ్చింది, ఒక చేత్తో బ్రెడ్డు, ఒక చేత్తో బత్తాయిలు, మధ్యలో ఏడుపు. తమ్ముడి నెత్తి నిమిరి, అప్పుడు మరదలి వైపు తిరిగింది. పట్టుచీర, తలలో పూలు, చేతిలో బుట్ట.

"వాడు ఎముక విరిగి పడుంటే నువ్వు సింగారించుకుని వాడపల్లి బయల్దేరేవా లతా?"

"అది కాదండి వదినా..."

"ఏది కాదు? నా కళ్ళతో చూస్తున్నాను కదా! నీకు మొగుడేమోగాని, నాకు వాడొక్కడే తమ్ముడిలాంటి తమ్ముడు." రెండో తమ్ముడు సాయిబాబు మస్కట్‌లో ఉన్నాడు. ఆ మాట అతను వినలేదు కాబట్టి గొడవ లేకపోయింది.

ఈశ్వరరావు ఆ సమయానికి కళ్ళు మూసుకుని నొప్పిలో ఉన్నాడు. ఉన్నట్టుండి చాలా నొప్పి వచ్చింది ఆయనకి.

తరువాత ఊరు వచ్చింది. ఒకరు వెళ్ళేసరికి ఇద్దరు. పాలు అయిపోయి మళ్ళీ తెప్పించింది మాధవీలత. అవీ అయిపోయాక పెరట్లో కొబ్బరిబోండాలు కొట్టించింది. పట్టుచీర కొంగు నడుముకి దోపి పొయ్యి దగ్గర నిలబడితే, గుమ్మం పక్కన ముక్కాలి పీట మీద కూర్చుని వేణి ఏదో రాసుకుంటోంది. దాని కళ్ళు మెరిసిపోతున్నాయి.

"అమ్మా, ఆంత్రోపాలజీకి ఒక ఆచారాన్ని దగ్గరనుంచి చూసి రాయమన్నారు. ఇన్నాళ్ళూ ఏం రాయాలో తెలీలేదు. పరామర్శ! చూసేవా? ప్రతివాళ్ళూ ముందు 'ఎలా జరిగింది' అంటారు. జవాబు సగంలో ఉండగానే తమ చెయ్యి విరిగిన కథ మొదలెడతారు. వెళ్ళేటప్పుడు ఒక్కళ్ళు కూడా 'వెళ్ళొస్తాం' అనట్లేదు, చెప్పకుండా లేచి వెళ్ళిపోతున్నారు. ఎంత బావుందో!"

"ఈ గ్లాసులు పట్టుకెళ్ళు."

"నేను పరిశీలిస్తున్నానమ్మా. మధ్యలో కలగజేసుకోకూడదు."

"అయితే గ్లాసులు కడుగుతూ పరిశీలించు."

ఈలోగా ఆ పడడం కూడా పెరుగుతోంది. దీనికి ఈశ్వరరావుని అనడానికి లేదు. ఆయన పడ్డాను అన్నాడంతే. ఉన్నవాళ్ళు వచ్చినవాళ్ళకి చెప్పారు. కాలు జారిందన్నది బండి జారింది అయింది. బండి లారీకి అడ్డం వెళ్ళింది. మధ్యాహ్నానికి ఆ లారీ ముందు బడికెళ్ళే పిల్ల ఒకతె వచ్చింది, ఈశ్వరరావు ఆ పిల్లని పక్కకి తోసి తను గోతిలో పడ్డాడు. రెండో శనివారం సెలవు కదా, ఏ బడి అని ఎవరూ అడగలేదు. మొదట్లో "అబ్బే, అంత కాదండి" అన్న మనిషి, మూడోసారి వినేసరికి కళ్ళు దించుకుని "ఆ క్షణానికి ఏం తోచిందో అదేనండి" అనడం మాధవీలత వంటింట్లోంచి విన్నది. చేతిలో గరిటె ఉండిపోయింది.

మస్కట్ నుంచి సాయిబాబు ఫోను చేశాడు. "వదినా, అన్నయ్యకి స్పృహ వచ్చిందా? రాత్రి ఫ్లైటు చూస్తున్నాను."

"నువ్వేం రావద్దు సాయీ. మీ అన్నయ్య ఇప్పుడే మూడో బోండాం తాగేరు."

"నన్ను కంగారు పెట్టకూడదని దాస్తున్నావు కదా వదినా" అని అతను ఏడ్చాడు.

కాంతమ్మ టీచరుగారు కొడుకు సన్నీతో వచ్చారు. ఆవిడ ఈశ్వరరావు తల మీద చెయ్యి పెట్టి, విరిగిన ఎముక గురించి కళ్ళు మూసుకుని మనస్ఫూర్తిగా ప్రార్థన చేశారు. ఈశ్వరరావు ఆమెన్ అన్నాడు, అదొక్కటీ కాస్త సిగ్గుపడుతూ. సన్నీ యూట్యూబులో ఊరి వార్తలు పెడుతుంటాడు. అతను ఫోను కర్రకి తగిలించి అన్ని వైపులనుంచీ చేతిని తీశాడు.

కళ్ళు తెరిచాక టీచరుగారు కట్టుని వంగి చూశారు. ఆవిడ బయాలజీ చెప్తారు. "ఇదేం కట్టండీ? వేళ్ళు ఇలా ముడిచిపెట్టి కట్టేరేంటి? కాయ పట్టుకున్నట్టుంది. ఇలాగే అతుక్కుపోతే?"

అందరూ వేళ్ళ వంక చూశారు. అంజిబాబు దగ్గరకొచ్చాడు. "ఔను బావా! ఎవరు కట్టేరిది?"

"తెలిసినామేనండి. చదువుకుంటోం... చదువుకుంది."

"ఏం చదువుకుంది? చెయ్యి దేనికో దేబిరిస్తున్నట్టు కట్టింది. ఉండు, నాలుగ్గంటలకి గోతి దగ్గర ధర్నా పెట్టేను. రోడ్ల ఇంజనీరుగార్ని రమ్మన్నాను. అదవగానే నా కార్లో తిన్నగా అమలాపురం. ఈ కట్టు పగలగొట్టించేసి కొత్తది వేయిద్దాం."

వేణి చేతిలో పెన్ను ఆగిపోయింది.

ముగ్గురూ పెరట్లో కాయల రాశి వెనకాల కలుసుకున్నారు.

"నాన్నా, చెప్పేయ్. పగలగొడితే నాకు మంగళవారం ఇవ్వడానికేం లేదు. పేపరు పోయినట్టే. పేపరు పోతే వచ్చెయ్యమన్నది నువ్వే."

"చెప్తానే. సందు దొరకనీ."

"సందేంటండీ? గొయ్యంత నోరు తెరిచి నిజం చెప్పెయ్యండి" అంది మాధవీలత.

"ఇంతమంది వచ్చి, ఇన్ని పళ్ళు ఇచ్చేక ఎలా చెప్పమంటావు? ఎవరి బత్తాయిలు వాళ్ళు పట్టుకెళ్ళమననా? అసలు ఆ టీచరుగారు వేళ్ళ సంగతి ఎత్తకపోతే..."

"ఇందులో టీచరుగారి తప్పేముందండీ?"

"నేను తప్పన్నానా? ఎత్తకపోతే అన్నాను."

"పోనీ ఇప్పుడోసారి చూద్దాం నాన్నా. నెమ్మదిగా" అని వేణి కట్టు కొంచెం వదులుచేసి చిప్ప అంచు ఎత్తింది. మళ్ళీ కాకులు లేచాయి. అరుగు మీదనుంచి రమణమ్మ గొంతు వినపడింది: "చూసేరా, ఎంత పోటో పాపం! ఆవిడ మాత్రం బోండాలు కొట్టించుకుంటోంది."

మాధవీలత నోట్లోకి వచ్చిన మాటని బోండాం నీళ్ళతో మింగేసింది.

నాలుగు గంటలకి గోతి పక్కన కుర్చీ వేసి అందులో ఈశ్వరరావుని కూర్చోబెట్టారు. నెత్తి మీద గొడుగు, మెడలో ఎవరో వేసిన బంతిపూల దండ, ముందు మైకు. రాజోలు వెళ్ళే ఆటోలు రెండు పక్కలా ఆగిపోయాయి. ఇంజనీరుగారు జీపు దిగి, గోతిని చూసి, కట్టుని చూసి, జనాన్ని చూసి, చెమట తుడుచుకుని సోమవారానికల్లా పూడ్పిస్తామని మైకులో చెప్పారు. చప్పట్లు కొట్టారు. అక్కడితో అయిపోతే ఎంత బాగుండేదో.

కానీ అంజిబాబు ఉపన్యాసం ఇంకా అవలేదు. "మాటలు కాదు సార్! ఇదిగో, ఈ చెయ్యి చూడండి! కుటుంబాన్ని పోషించే చెయ్యి! పసిపిల్లని కాపాడిన చెయ్యి!" అంటూ వంగి, కండువాలోంచి ఆ చేతిని పైకి లాగి, జెండాలా గాల్లోకి ఎత్తేశాడు.

పెరట్లో వదులుచేసిన ముడి ఎవరూ మళ్ళీ బిగించలేదు. పొద్దుటినుంచి పట్టిన చెమటకి లోపల కొంత నానింది కూడా. ముందు మైకులో ఈశ్వరరావు కేక వినపడింది, కాలువ అవతలి ఒడ్డు దాకా. తరువాత చీర పట్టీ ఊడి కింద పడింది. దాని వెనకే రెండు తెల్లటి చిప్పలు చేతిమీదనుంచి విడిపోయి గోతిలో నిలవున్న నీళ్ళ వైపు జారాయి.

"నాన్నా!" అని అరిచింది వేణి.

అప్పుడు ఈశ్వరరావుకి రెండు దారులున్నాయి. చెయ్యి అలాగే వేలాడేసి, కుర్చీలో మూలుగుతూ కూర్చుంటే ఊళ్ళో పరువు నిలుస్తుంది. ఆయన అంత ఆలోచించలేదు. కుర్చీలోంచి లేచి, ముందుకి దూకి, ఒక చిప్పని ఎడంచేత్తో పొట్టకి హత్తుకుని, రెండోదాన్ని నీళ్ళకి బెత్తెడు ఎత్తులో కుడిచేత్తో పట్టేశాడు. చెట్టుమీంచి జారిన కాయని పట్టినట్టు పట్టాడు. వేళ్ళు సరిగ్గా ఆ అచ్చులో ఉన్న వాటంలోనే ఉన్నాయి.

జనం ఆ చెయ్యి వంక చూశారు. నిక్షేపంలా ఉంది. నున్నగా, ఎర్రగా, ఒక్క వెంట్రుక కూడా లేకుండా ఉంది.

"బావా!" అన్నాడు అంజిబాబు నెమ్మదిగా. "నీ చెయ్యి ఆడుతోంది."

ఈశ్వరరావు మైకు వైపు, గోతి వైపు, చివరికి కూతురి వైపు చూశాడు. వేణి ఏడవడం లేదు గానీ పెదవి కొరుక్కుంటోంది, చిన్నప్పుడు జ్వరానికి సూది వేయించుకునేటప్పటిలా.

"గొయ్యి నిజమేనండి" అని మొదలుపెట్టాడు. "నేను పడడమే... ఇది కట్టు కాదండి. అచ్చు. మా వేణి చేసింది. అది చదివేది డేటా సైన్సు కాదండి. బొమ్మలు చెయ్యడం, మనుషుల గురించి తెలుసుకోవడం, ఆ రెండూ కలిపి చదువుతోంది. దానికి నా చెయ్యి కావాల్సొచ్చింది. ఇచ్చేను. మంగళవారం ఇది చూసే మార్కులేస్తారండి. అందుకని పట్టుకున్నాను."

"మరి చేరినప్పట్నుంచీ నాకు డేటా సైన్సని చెప్పేవు?"

"పొరపాటు జరిగిందండి బావగారూ."

జరిగింది, అనుకుంది మాధవీలత గట్టు మీద నిలబడి. వానలాగా, దానంతటదే జరిగింది.

"స్టూడియోలో పనా? ఫొటోలు తీస్తదా?" అన్నారు వెనకనుంచి ఎవరో. "కాదెహె, చేతులు చేస్తదంట" అన్నారు ఇంకెవరో. కాంతమ్మ టీచరుగారు పైకి చూసి దణ్ణం పెట్టుకుని, "ప్రార్థన చేసి రెండు గంటలు కాలేదు, ఎముక విరగనే లేదంటున్నారు" అన్నారు. ఆవిడ నవ్వు దాచుకున్నారో లేదో మాధవీలతకి తెలియలేదు.

అందరిలోకీ సంతోషించింది ఇంజనీరుగారు. రుమాలు జేబులో పెట్టుకుని, "అంటే ఎవరూ పడలేదన్నమాట! మరి ఈ చిన్న గోతికి ఇంత హడావిడి ఎందుకండీ?" అని నవ్వుతూ జీపు వైపు వెనక్కి ఒక అడుగు వేశారు.

గొయ్యి ఎక్కడికీ పోలేదు. మోకాలిదాకా దిగిపోయారు.

సన్నీ ఫోను ఇంకా నడుస్తూనే ఉంది. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి ఆ వీడియో మస్కట్‌లో సాయిబాబు దాకా వెళ్ళింది. చీకటి పడకముందే కంకర లారీ వచ్చింది. అప్పటిదాకా బావమరిది మొహం చూడని అంజిబాబు, లారీని చూడగానే కోపం సగానికి దించుకుని, కంకర ఎక్కడ పొయ్యాలో చెప్పడానికి వెళ్ళిపోయాడు. రమణమ్మ మాత్రం ఇంటికొచ్చి తమ్ముణ్ణి నాలుగు దులిపింది. ఇచ్చిన బ్రెడ్డు వెనక్కి తీసుకుంది. గుమ్మం దాకా వెళ్ళి ఆగి, "నా చెయ్యి కూడా చేస్తావేంటే వేణీ, గాజులతో?" అని అడిగింది. పొద్దున్న మరదల్ని అన్న మాట ఆవిడకి గుర్తున్నట్టు లేదు.

అందరూ వెళ్ళాక వేణి చిప్పలు రెండూ చాప మీద వెల్లకిలా పెట్టింది. లోపల అరచేతి గీతలన్నీ పడ్డాయి. కత్తి తగిలిన పాత మచ్చ పడింది. వేలి గోరు పక్కన కొబ్బరికాయ రాసుకుని చర్మం కాయకట్టిన చోటు కూడా పడింది. ముంజేతి భాగం నిండా గడ్డి మొలిచినట్టు వెంట్రుకలు.

"పనికొస్తుందా?" అన్నాడు ఈశ్వరరావు.

"వెంట్రుకలు ఒక్కొక్కటీ పీకాలి. కానీ పనికొస్తుంది నాన్నా. చాలా బాగొచ్చింది."

ఆయన ఆ బోలు చేతిలోకి చాలాసేపు చూశాడు. తరువాత లేచి పెరట్లోకి వెళ్ళి, అట్టపెట్టె, ఒక తట్టెడు కొబ్బరిపీచు తెచ్చాడు. పీచు పరిచి, చిప్ప పెట్టి, మధ్యలో పీచు కూరి, రెండోది పెట్టి, చుట్టూ మళ్ళీ పీచు దట్టించాడు. చంటిపిల్లని పడుకోబెట్టినట్టు చేశాడు.

"రైల్లో ఎలా కుదిపినా దీనికేం కాదు. పీచుని మించింది లేదు. చూసేవా, కొబ్బరి అంటే..."

అని ఆగిపోయాడు. దీపం వెలుగులో ఆయన చెయ్యి ఆయనకే కనపడింది. ఒలిచిన కాయలా ఉంది.

వంటింట్లో ఊరంతా తాగిన గ్లాసులు కడుగుతున్న మాధవీలత కుళాయి కట్టేసింది.

"నూనె పనికిరాలేదే" అన్నాడు ఈశ్వరరావు, పెట్టెతో చెప్తున్నట్టు. "వేజలీనే రాయాల్సింది. పిల్ల చెప్తూనే ఉంది. నేనే వినలేదు."

ఆయన పీచు ఇంకొంచెం తీసి, ఖాళీ లేనిచోట కూరాడు.

"చదువు సంగతీ అంతే. ఇందాక అంతమందిలో అది చేసినదేంటో చెప్తుంటే నాకేం సిగ్గనిపించలేదు. ముందే చెప్పుండాల్సింది. ఎవరో ఏదో అనుకుంటారని నేనే దాచేను. పేపరు పోయినా సరేనే వేణీ, మళ్ళీ రాసుకో. ఆ అమలాపురం మాట వదిలెయ్. తప్పు నాదే."

వేణి పరిశీలించడం మానేసి తండ్రి భుజానికి తల ఆనించింది.

"ఏంటండీ?" అంది మాధవీలత వంటింట్లోంచి. "కుళాయి చప్పుడులో వినపడలేదు."

"కుళాయి కట్టేసే ఉంది కదా!"

"అయినా సరే, ఇంకోసారి చెప్పండి."

"తప్పు నాదేనే లతా!" అని అరిచాడు ఈశ్వరరావు.

"ఆయ్, విన్నామండీ!" అన్నారు గోడ అవతలనుంచి కాంతమ్మ టీచరుగారు.

ఆరు వారాలకే కోరిక తీర్చేసిన స్వామిని ఏడోవారం ఎగ్గొట్టడం మర్యాద కాదని మాధవీలత ఆ పై శనివారం మళ్ళీ మొదటి వారం నుంచి మొదలుపెట్టింది. ఈసారి ఆడపడుచు పేరు చెప్పుకుంది.